మిడత రెక్కల్లోని రబ్బరు ప్రోటీన్‌తో పోయిన గొంతు తిరిగొస్తుందా?

#1 స్వరమాల
ఇరవై రెండేళ్లుగా పిల్లలకు పాట నేర్పుతున్నాను. రెండేళ్ల కిందట స్వరతంత్రి మీద చిన్న బుడిపె వస్తే ఆపరేషన్ చేసి తీశారు. బుడిపె పోయింది, ఆ చోట మచ్చ కట్టింది. మామూలుగా మాట్లాడితే తేడా ఎవరికీ తెలియదు. పై షడ్జం దగ్గరికి వెళ్లేసరికి మాత్రం గాలి వస్తుంది, స్వరం రాదు. పిల్లలు నా మొహం చూసి వాళ్లే అందుకుని పాడేస్తారు. అది ఇంకా బాధ.

మొన్న ఒక పిల్లవాడి తల్లి ఫోన్‌లో ఒక వార్త పంపింది. మిడత రెక్కల్లోని ప్రోటీన్‌తో పోయిన గొంతు మళ్లీ వస్తుందని హెడ్డింగ్. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నన్ను చూసే డాక్టర్‌కి చూపిస్తే "ఇలాంటివి వస్తూనే ఉంటాయమ్మా" అని ఫోన్ తిరిగి ఇచ్చేశారు. అవుననలేదు, కాదనలేదు.

అసలు ఇలాంటి ప్రోటీన్ ఉందా? ఎవరికైనా ఎక్కించారా? ఎక్కించకపోతే రేపో మాపో వచ్చేస్తున్నట్టు ఎందుకు రాస్తారు? తెలిసినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి. తట్టుకోగలను.

#2 అనుమానరావు
ఉన్నదున్నట్టు అంటే, నమ్మకండి. సాలెపట్టుతో ఎముకలు, బల్లి పాదంతో ప్లాస్టర్, ఇప్పుడు మిడతతో గొంతు. ఎలుకకు నయమైందంటే ఎలుకకే నయమైందని అర్థం. ఆ చిన్న మాట హెడ్డింగ్‌లో వేయరు. ఆశతో ఉన్నవాళ్ల నిద్ర చెడగొట్టడం నాకు చాలా కోపం తెప్పిస్తుంది.

#3 ల్యాబ్‌కోటు
నేను ఈ రంగంలోనే పనిచేస్తాను, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నా.

ప్రోటీన్ నిజం. పేరు రెజిలిన్. 1960లో టోర్కెల్ వైస్‌ఫో అనే డెన్మార్క్ శాస్త్రవేత్త మిడత రెక్క ఒంటికి అతుక్కునే కీలు దగ్గర, తూనీగ రెక్కల కండరానికి ఉండే స్నాయువులో దీన్ని గుర్తించారు. లాగితే సాగుతుంది, వదిలితే సరిగ్గా మొదటి పొడవుకు వచ్చేస్తుంది. చాలాసేపు సాగదీసి పట్టుకుని వదిలినా అంతే. దీని గొప్ప సాగడంలో లేదు, తిరిగి ఇవ్వడంలో ఉంది. సాగదీయడానికి మనం 100 పాళ్ల శక్తి పెడితే వదిలినప్పుడు 97 పాళ్ల వరకు తిరిగి ఇచ్చేస్తుంది. వేడిగా పోయేది మూడో నాలుగో పాళ్లు.

2005లో ఆస్ట్రేలియా పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్‌ఓలో క్రిస్ ఎల్విన్ బృందం పండ్ల ఈగ జన్యువులోని ఒక ముక్కను ఇ. కోలై బ్యాక్టీరియాలో పెట్టి ఆ ప్రోటీన్‌ను తయారుచేయించింది. ద్రవంగా వచ్చినదాన్ని ఒక రుథీనియం సమ్మేళనం కలిపి, తెల్లటి వెలుతురు వేసి సెకన్లలో రబ్బరులా గట్టిపరిచారు. అది అసలు పొడవుకు మూడు రెట్లు పైగా అదనంగా సాగింది, శక్తిని 90 శాతం పైనే తిరిగి ఇచ్చింది. పోల్చి చూడటానికి పెట్టిన పాలీబ్యూటడీన్ రబ్బరు 80 శాతం దగ్గర ఆగింది.

ఆ తర్వాత అమెరికాలో డెలావేర్ యూనివర్సిటీలో క్రిస్టీ కీక్ బృందం దీని నమూనాలో కొత్త ప్రోటీన్లు రూపొందించి స్వరతంత్రులకు, రక్తనాళాలకు పనికొస్తాయా అని చూస్తూ వచ్చింది. మీకు వచ్చిన వార్త వేళ్లు ఇక్కడే ఉండాలి.

మీ రెండో ప్రశ్నకు జవాబు: ఇది ఇంకా ల్యాబుల్లో, జంతువుల మీద పరీక్షల్లో ఉన్న సంగతి. ఆస్పత్రిలో అడిగితే ఇచ్చే మందు కాదు. అనుమానరావు గారి కోపం హెడ్డింగ్ మీదైతే నేనూ ఆయన పక్షమే. ప్రోటీన్ మీదైతే కాదు.

#4 స్వరమాల
చాలా థాంక్సండి. లేదని స్పష్టంగా చెప్పినందుకు కూడా. ఒక్క అనుమానం. 97 పాళ్లు తిరిగి ఇవ్వడానికీ నా గొంతుకూ ఏమిటి సంబంధం? గొంతు రబ్బరు కాదు కదా.

#5 మెకానిక్‌బుజ్జి
నాకు గొంతు సంగతి తెలియదు, రబ్బరు సంగతి తెలుసు. బండి చాలా దూరం తోలాక టైరు మీద చెయ్యి పెట్టండి, కాలుతుంది. రోడ్డు రాపిడి కొంతే. టైరు నొక్కుకున్న ప్రతిసారీ రబ్బరు తీసుకున్న శక్తిలో కొంత తిరిగి ఇవ్వకుండా వేడి కింద మింగేస్తుంది. ఆ వేడికే రబ్బరు ముసలిదైపోతుంది, బీటలు వేస్తుంది. 100కి 97 తిరిగి ఇచ్చే రబ్బరు నా చేతికి దొరికితే ఇంజన్ మౌంటులకు వాడను, ఎందుకంటే అక్కడ అదురును మింగేసేదే కావాలి. వేగంగా ఊగుతూ ఉండాల్సిన చోట మాత్రం అది బంగారం.

#6 ల్యాబ్‌కోటు
బుజ్జి గారు నా పని సగం చేసేశారు. స్వరమాల గారూ, ఆడవాళ్ల స్వరతంత్రులు మామూలు మాటలోనే సెకనుకు 200 సార్లు దాకా కొట్టుకుంటాయి. పాటలో పై స్థాయికి వెళ్తే ఇంకా చాలా ఎక్కువ. 200 అనే లెక్క వేసుకున్నా, ఆగకుండా గంట పాడితే 7 లక్షల 20 వేల సార్లు. ప్రతి ఊపులోనూ తంత్రి పైపొర అలలా కదిలి వెంటనే మొదటి చోటికి రావాలి. ఆ పొర పలచటి జెల్లీలా ఉంటుంది కాబట్టే అది సాధ్యం. మచ్చ కట్టినప్పుడు అక్కడ కొల్లాజెన్ అనే గట్టి పీచు ప్రోటీన్ గజిబిజిగా పేరుకుంటుంది, ఎలాస్టిన్ అనే సాగే ప్రోటీన్ తీరు చెడుతుంది, పొర బిరుసెక్కుతుంది. అల అక్కడికి వచ్చి ఆగిపోతుంది. మీరు "గాలి వస్తుంది, స్వరం రాదు" అన్నది అదే. రెండు తంత్రులూ సరిగా ఆనడం లేదు, కలిసి ఊగడం లేదు.

మెత్తగా ఉండాలి, వేగంగా ఊగాలి, ఊగి శక్తిని మింగకుండా తిరిగి ఇవ్వాలి. ఈ మూడూ చాలాకాలంగా ఒకేచోట చేసి చూపిస్తున్నవి పురుగులు. అందుకే అటు చూపు వెళ్లింది.

#7 తూనీగవేట
పురుగుల ఫోటోలు తీస్తుంటాను. ఒకసారి చచ్చిపడి ఉన్న తూనీగను స్నేహితురాలి ల్యాబ్‌కు తీసుకెళ్లి ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపు కింద పెట్టాం. రెక్కంతా చీకటి. ఈనెలు కలిసే కొన్ని కణుపుల దగ్గర మాత్రం నీలం చుక్కలు. రాత్రిపూట దూరంగా ఊరి దీపాలు కనిపించినట్టు. రెక్క మొదలు దగ్గర ఇంకా పెద్ద నీలం మచ్చ. ఎక్కడ ఒంగాలో అక్కడే పెట్టుకుంది ఆ ప్రాణి, ఒక్క చుక్క కూడా వృథా లేదు. అది రెజిలిన్ అని తను చెప్పింది. ఆ తర్వాత తూనీగను చూసినప్పుడల్లా నాకు ఆ నీలమే గుర్తొస్తుంది.

#8 బయో రెండో ఏడు
నీలంగా ఎందుకు మెరుస్తుంది? ప్రోటీన్లకు రంగు ఉండదుగా?

#9 ల్యాబ్‌కోటు
మంచి ప్రశ్న తమ్ముడూ. రెజిలిన్ గొలుసులు ఒకదానికొకటి టైరోసిన్ అనే అమైనో ఆమ్లం దగ్గర ముడిపడతాయి. రెండు టైరోసిన్లు అతుక్కుంటే డైటైరోసిన్, మూడైతే ట్రైటైరోసిన్. అతినీలలోహిత కాంతి పడితే ఇవి నీలంగా వెలుగుతాయి. 1960ల్లో స్వెండ్ ఒలావ్ ఆండర్సన్ తేల్చిన విషయం ఇది. అంటే తూనీగవేట గారు చూసింది ముడుల వెలుగు. ఆ ముడులు లేకపోతే రెజిలిన్ రబ్బరు కాదు, చిక్కటి ద్రవం. ఎల్విన్ వాళ్లు వెలుతురు వేసి చేసింది కూడా ఆ ముడులు వేయడమే.

ముడికీ ముడికీ మధ్య గొలుసు ఏ ఆకారమూ లేకుండా చిందరవందరగా ఉంటుంది. చాలా ప్రోటీన్లు మడతపెట్టిన చీరలా ఒక పద్ధతిలో ఉంటాయి, ఇది ఉండ చుట్టి పడేసిన దారంలా ఉంటుంది. లాగితే దారం సాపు అవుతుంది. వదిలితే మళ్లీ చిందరవందర కావడానికే పరుగెత్తుతుంది. ఆ పరుగే దాని బలం. మామూలు రబ్బరు బ్యాండుదీ ఇదే సూత్రం. బ్యాండును పెదవికి ఆనించి గభాలున సాగదీయండి, వెచ్చగా తగులుతుంది. కొన్ని క్షణాలు అలాగే పట్టుకుని వదిలితే చల్లబడుతుంది.

#10 మెకానిక్‌బుజ్జి
ఇప్పుడే చేశాను. నిజమే! ముప్పై ఏళ్లుగా రబ్బరుతో పని, ఈ సంగతి ఇవాళ తెలిసింది.

#11 ఆకుపచ్చ
అందరూ ఆనందపడుతున్నారు, నాకు మాత్రం గుచ్చుకుంటోంది. ఒక మనిషి గొంతు కోసం ఎన్ని వేల మిడతల రెక్కలు పీకాలి? ఆ మాట ఎవరూ అడగరేం?

#12 ల్యాబ్‌కోటు
అడగాల్సిన మాటే. ఒక్కటి కూడా అక్కర్లేదు. పురుగు నుంచి తీసుకున్నది జన్యువులోని సమాచారం మాత్రమే. ప్రోటీన్ తయారయ్యేది బ్యాక్టీరియాలో. ఇన్సులిన్ ఒకప్పుడు పశువుల క్లోమం నుంచి తీసేవాళ్లు. బ్యాక్టీరియాతో తయారైన మనిషి ఇన్సులిన్‌కు 1982లో అనుమతి వచ్చింది. ఇదీ అదే దారి. పండ్ల ఈగ జన్యువే కాదు, అనాఫిలిస్ దోమలోని రెజిలిన్ వరసతో కూడా ఇలాంటి ప్రోటీన్లు చేశారు.

#13 తూనీగవేట
దోమ ఇన్నాళ్లూ తాగిన రక్తానికి ఇప్పుడు బాకీ తీరుస్తుందన్నమాట 😀

#14 కుట్లుపోగు
ఆపరేషన్ థియేటర్‌లో నర్సుని. పురుగు ప్రోటీన్ మన ఒంట్లోకి రావడం కొత్త అనుకుంటున్నారేమో, కాదు. పట్టు దారం కుట్లకు ఎంతోకాలంగా వాడుతున్నాం. పట్టు ముడి జారదు, మెత్తగా పడుతుంది, దాని కొసలు గుచ్చుకోవు. సర్జన్ల చేతికి అది ఇష్టం. ఆకుపచ్చ గారి బాధ అక్కడ వర్తిస్తుంది, ఎందుకంటే పట్టు కోసం గూళ్లను వేడినీళ్లలో వేస్తారు.

ఇంకో సంగతి. పట్టుపోగు మీద సెరిసిన్ అనే జిగురు ఉంటుంది. అది పోయేలా ఉడికించి కడగాలి, మిగలనిస్తే శరీరం ఎదురు తిరగొచ్చు. లోపలి అసలు పట్టు ప్రోటీన్ ఫైబ్రోయిన్ చాలావరకు మంచిదే, అయినా పట్టు కుట్టు చుట్టూ కాస్త ఎరుపు, వాపు నేను చూశాను. పురుగుదైనా మొక్కదైనా శరీరానికి బయటిది బయటిదే. ఎంత ఊరుకుంటుందో పెట్టి చూస్తే గానీ తెలియదు.

#15 బయో రెండో ఏడు
పట్టు ఉండగా మళ్లీ ఇదెందుకు? సాలెపట్టు ఉక్కుతో పోటీపడుతుందని చదివాం.

#16 మెకానిక్‌బుజ్జి
తాడు వేరు, స్ప్రింగు వేరు బాబూ.

#17 ల్యాబ్‌కోటు
ఇంతకంటే బాగా నేను చెప్పలేను. సాలెపురుగు వేలాడే పోగు దాదాపు 1,000 మెగాపాస్కల్స్ (లాగుడును తట్టుకునే బలానికి కొలత) దాకా తట్టుకుంటుంది. రెజిలిన్ 4 దగ్గరే తెగిపోతుంది. కానీ సాలెపోగు తీసుకున్న శక్తిలో మూడో వంతే తిరిగి ఇస్తుంది, మిగతాది మింగేస్తుంది. మింగాలి కూడా, లేకపోతే వలలో పడ్డ ఈగ ఎగిరి బయటపడుతుంది. ఒక్కోదాన్ని ఒక్కో పనికి మలుచుకుంది ప్రకృతి. "ఏది గొప్ప" అని అడిగితే జవాబు ఉండదు, "ఎక్కడ పెట్టడానికి" అని అడిగితే ఉంటుంది.

#18 బయో రెండో ఏడు
ఫ్లీ అనే పురుగు అంత ఎత్తు దూకడానికి రెజిలినే కారణమని కూడా చదివాను. మరి అంత నాజూకైనది అంత బలం ఎలా ఇస్తుంది?

#19 తూనీగవేట
ఇది నేను చెబుతాను, నాకు ఇష్టమైన కథ. 1967లో బెన్నెట్‌క్లార్క్, లూసీ ఫ్లీ కాళ్ల మొదట్లో రెజిలిన్ దిండును చూపించి, దూకే శక్తి అందులో దాచుకుంటుందన్నారు. పుస్తకాల్లోకి ఎక్కింది అదే. తర్వాత మాల్కమ్ బర్రోస్ బృందం ఫ్రాగ్‌హాపర్ అనే చిన్న రసం పీల్చే పురుగును పట్టుకుంది. అది 70 సెంటీమీటర్లు ఎగురుతుంది, దాని ఒళ్లు మన వేలిగోరంత ఉండదు. 2008లో వాళ్లు చెప్పింది ఏమిటంటే, శక్తిలో ఎక్కువ భాగం దాచేది విల్లులా ఒంగే గట్టి పెంకు. ఆ పెంకుకు అతుక్కుని ఉన్న రెజిలిన్, విల్లు విరగకుండా, ఒంగిన ప్రతిసారీ మళ్లీ సరిగ్గా పాత ఆకారానికి వచ్చేలా చూస్తుంది. ఒంటరిగా హీరో కాదు, జంటగా.

#20 ల్యాబ్‌కోటు
ఈ కథ వైద్యానికి చాలా ముఖ్యం. రెజిలిన్ ఒక్కటే పెట్టి రక్తనాళం చేద్దామంటే కుదరకపోవచ్చు. గట్టిదాంతో జోడీ కట్టాలి. పురుగు తన పెంకులో ఉండే కైటిన్‌తో కడుతుంది. మనవాళ్లు పట్టుతో, కొల్లాజెన్ లాంటివాటితో కట్టి చూస్తున్నారు.

#21 గుండెచప్పుడు
రక్తనాళం అన్నారు కాబట్టి మా నాన్నగారి సంగతి. మోకాలి కింద రక్తం అందక బైపాస్ చేశారు. సొంత సిర పనికిరాదని కృత్రిమ గొట్టం వేశారు. పది నెలలకు మూసుకుపోయింది. మళ్లీ ఆపరేషన్, మళ్లీ టెన్షన్. చివరికి రెండు వేళ్లు పోయాయి. ఎవరినీ తప్పుపట్టను, వాళ్లు చేయగలిగింది చేశారు. "గుండె దగ్గరి పెద్ద గొట్టాలు ఏళ్ల తరబడి పనిచేస్తాయి, చిన్నవే మూసుకుపోతాయి" అన్నారు. ఎందుకో ఎవరూ విడమరచి చెప్పలేదు. ఇప్పటికీ ఆ ప్రశ్న నాతోనే ఉంది.

#22 కుట్లుపోగు
మీ నాన్నగారి గురించి చదివితే మనసు బరువెక్కింది. సుమారు 6 మిల్లీమీటర్ల కంటే సన్నటి నాళాల్లో కృత్రిమ గొట్టాలతో ఈ ఇబ్బంది అందరికీ తెలిసిందే, అందుకే వీలైనంతవరకు సొంత సిరే వాడతారు. సన్నటి గొట్టంలో రక్తం నెమ్మదిగా పోతుంది, కొంచెం గడ్డ కట్టినా దారి మూసుకుంటుంది. రెండోది కుట్టు దగ్గర. మన ధమని ప్రతి గుండె చప్పుడుకూ ఉబ్బి దిగుతుంది. పీటీఎఫ్‌ఈ అనే ప్లాస్టిక్‌తో చేసిన కృత్రిమ గొట్టం ఉబ్బదు. కుట్టేటప్పుడే చేతికి తెలుస్తుంది, ఒకవైపు మెత్తటి పెదవిలా, ఇంకోవైపు అట్టలా.

#23 మెకానిక్‌బుజ్జి
రబ్బరు గొట్టాన్ని ఇనుప పైపుకు బిగించి అదిరే చోట పెడితే ఎక్కడ చిట్లుతుంది? గొట్టం మధ్యలో కాదు, పైపు ఎక్కడ ముగిసి గొట్టం మొదలవుతుందో అక్కడ. ఒకటి కదులుతుంది, ఇంకోటి కదలదు. ఆ గీత మీదే అంతా పడుతుంది.

#24 ల్యాబ్‌కోటు
సరిగ్గా అదే. మన ధమని చిట్లదు, దానికి బదులు ఆ గీత దగ్గర నాళం లోపలి గోడ మందంగా పెరుగుతుంది. గాయమనుకుని మరమ్మతు మొదలుపెడుతుంది, ఆ మరమ్మతే దారి మూస్తుంది. గుండె రోజుకు లక్ష సార్లు కొట్టుకుంటుంది కాబట్టి ఆ గీత మీద రోజుకు లక్ష లాగుళ్లు. గుండెచప్పుడు గారూ, మీ ప్రశ్నకు సగం జవాబు ఇది. మిగతా సగం కుట్లుపోగు గారు చెప్పిన గడ్డకట్టడం.

ధమనిలా ఉబ్బి దిగే గొట్టం చేయాలన్న కోరిక పుట్టింది ఇక్కడే. రెజిలిన్ అందులో ఒక ఆశ. అయితే రక్తాన్ని గడ్డ కట్టించకుండా ఉండటం వేరే పరీక్ష, బాగా సాగినంత మాత్రాన అందులో పాసవదు.

#25 గుండెచప్పుడు
నాలుగేళ్లకు నాకు ఒక చిత్రం కనబడింది. థాంక్స్ అనడం చాలా చిన్న మాట.

#26 బయో రెండో ఏడు
ధమని ఉబ్బడానికి మనలో ఎలాస్టిన్ ఉందిగా. సొంత ఇంట్లో ఉన్నదాన్ని వదిలి పురుగు దగ్గరికి పోవడమెందుకు?

#27 ల్యాబ్‌కోటు
వదల్లేదు. ఎలాస్టిన్ మీద కూడా పెద్ద పని జరుగుతోంది. దాని ముడిసరుకైన ట్రోపోఎలాస్టిన్‌ను బ్యాక్టీరియాలో తయారుచేసి, సిడ్నీలో ఆంథొనీ వైస్ బృందం ఏళ్లుగా పనిచేసింది. మనిషిది కాబట్టి శరీరం గుర్తుపడుతుంది, అది దాని పెద్ద బలం. కానీ శరీరంలో ఒకసారి ముడిపడిన ఎలాస్టిన్ దేనిలోనూ కరగదు, బయటికి తీసి మలచడం కష్టం.

రెజిలిన్ రకం ప్రోటీన్లు నీళ్లంటే ఇష్టపడతాయి, చక్కగా కరుగుతాయి. ఉడికించినా చెడవు. దీంతో శుద్ధి చేయడం తేలిక. మొత్తం కలగూరను వేడి చేస్తే బ్యాక్టీరియా ప్రోటీన్లు చాలావరకు విరిగి అడుగున పడతాయి, మనది పైన తేటలో మిగులుతుంది. తేటను చల్లబరిస్తే అది విడిపోయి అడుగున తేనెలాంటి పొరగా చేరుతుంది. మొదటిసారి ఆ గొట్టాన్ని ఐసులోంచి తీసి వెలుతురుకు పెట్టి చూసినప్పుడు చాలాసేపు కింద పెట్టలేకపోయాను. మామూలుగా ప్రోటీన్లను ఎంతో భయంగా చూసుకుంటాం, ఇది ఉడికించినా కిక్కురుమనలేదు.

ఇంకా ముఖ్యం, గొలుసును మనకు కావలసినట్టు రాసుకోవచ్చు. మధ్యలో ఆర్‌జీడీ అనే మూడు అమైనో ఆమ్లాల వరస చేరిస్తే కణాలు దాన్ని పట్టుకుని నిలబడతాయి. ఇంకో వరస చేరిస్తే శరీరంలోని కణాలు తమ ఎంజైములతో దాన్ని కోసుకుంటూ మెల్లగా తమ సొంత కణజాలాన్ని నింపుకుంటాయి. కీక్ బృందం ప్రోటీన్లలో ఇలాంటివే పెట్టారు. ప్రతి వరసా బ్యాక్టీరియాకు ఇచ్చే డీఎన్‌ఏలోనే ఉంటుంది.

#28 అనుమానరావు
నేను పారిపోలేదు, చదువుతున్నా. నాకు ఇంకా గుచ్చుకునేవి ఉన్నాయి. ఇ. కోలైలో చేశామంటున్నారు, దాని పెంకులోని విషం సంగతేంటి? రుథీనియం ఒక లోహం, గొంతులో ఎలా పెడతారు? మెత్తటిది అంటున్నారు, ఎన్నాళ్లు ఉంటుంది? పురుగంటే ఎలర్జీ ఉన్నవాళ్ల సంగతి?

#29 ల్యాబ్‌కోటు
నాలుగూ అసలైన ప్రశ్నలే. ఈ పని వార్తలంత వేగంగా కదలకపోవడానికి కారణాలు కూడా ఇవే.

ఎండోటాక్సిన్ అనే ఆ విషం ఉంటుంది. చిటికెడు మిగిలినా జ్వరం, వాపు. తీసేసే పద్ధతులున్నాయి, ఇన్సులిన్‌కు చేస్తున్నదే. కానీ ప్రతి బ్యాచ్‌కూ నిరూపించాలి. రుథీనియం గురించి మీ భయం సరైనదే. దానితోపాటు వాడే పర్సల్ఫేట్ కూడా కణాలకు మంచిది కాదు, మోతాదు దాటకూడదు. అందుకే ఎంజైములతో, వేరే లింకర్లతో ముడి వేసే దారులు వెతికారు. ఇదే వెలుతురు పద్ధతిని ఎల్విన్ వాళ్లు తర్వాత రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్ మీద వాడి, గాయాలు మూసే జిగురుగా పరీక్షించారు.

ఎన్నాళ్లు అన్నదానికి ఒకే జవాబు లేదు, కావాలంటే త్వరగా కరిగేలా, కావాలంటే నిలిచేలా రాయొచ్చు. పురుగులో మాత్రం రెక్కల రెజిలిన్ ఒకసారి వేసింది దాదాపు జీవితాంతం పనిచేయాలి. తేనెటీగ రెక్కలు సెకనుకు 230 సార్లు కొట్టుకుంటాయి, స్పేర్ పార్టు లేదు. అయితే తేనెటీగ బతికేది వారాలు, మనం దశాబ్దాలు.

ఎలర్జీ గురించి: బొద్దింక, రొయ్య పడనివాళ్లలో ఎక్కువగా గొడవ చేసేది ట్రోపోమయోసిన్ అనే వేరే ప్రోటీన్. రెజిలిన్ అది కాదు. అంతమాత్రాన నిశ్చింతగా ఉండలేం, మనిషికి పెట్టకముందు ఆ పరీక్ష విడిగా జరగాల్సిందే.

#30 అనుమానరావు
ఇది జవాబంటే. మొదటి పోస్టులో ప్రోటీన్‌ను కూడా కలిపి తిట్టాను, ఆ ముక్క వెనక్కి తీసుకుంటున్నా. హెడ్డింగ్ మీద మాట మాత్రం అలాగే ఉంచుతా.

#31 మెకానిక్‌బుజ్జి
ఒక అనుమానం. తూనీగ చచ్చి ఎండాక రెక్క ముట్టుకుంటే పుటుక్కున విరుగుతుంది. మరి ఆ రబ్బరు ఏమైంది?

#32 తూనీగవేట
నీళ్లు పోయాయి. రెజిలిన్ తడిగా ఉన్నంతసేపే రబ్బరు. ఎండితే గాజులా పెళుసు. మళ్లీ తడిపితే మెత్తబడుతుంది. ఎండిన రెక్కలను సర్దేముందు తడి గుడ్డతో డబ్బాలో మూసి ఉంచేది అందుకే.

#33 కుట్లుపోగు
అయితే మన ఒళ్లు దానికి సరైన చోటు. లోపల ఎక్కడ చూసినా తడే.

#34 స్వరమాల
వారం తర్వాత వస్తున్నాను. మీరందరూ రాసినవి కాగితం మీద రాసుకుని వేరే స్వరవైద్యురాలి దగ్గరికి వెళ్లాను. ఈసారి "మిడత మందు ఉందా" అని అడగలేదు. "నా తంత్రి మీద అల ఎక్కడ ఆగిపోతోందో చూపిస్తారా" అన్నాను. ఆవిడ ఒక్క క్షణం నన్ను చూసి, స్ట్రోబోస్కోపీ (తంత్రుల ఊపును నెమ్మదిగా కనిపించేలా చూపే పరీక్ష) చేసి, స్క్రీన్ నావైపు తిప్పారు.

చూశాను. కుడివైపు తంత్రి మీద అల నీళ్ల మీద గాలి వీచినట్టు నున్నగా వెళ్తోంది. ఎడమవైపు సగం దాకా వచ్చి, తెల్లటి ఒక గీత దగ్గర నిలిచిపోతోంది. బియ్యపుగింజలో సగం కూడా లేదు ఆ గీత. రెండేళ్లుగా నన్ను ఏడిపించింది అదా అనిపించింది.

హయాల్యురానిక్ ఆమ్లం లాంటివి ఇంజెక్షన్‌గా ఇస్తే తంత్రికి నిండుదనం వచ్చి రెండూ బాగా ఆనవచ్చు, గాలి పోవడం తగ్గొచ్చు, కానీ మచ్చ చోట అల మళ్లీ పుడుతుందని మాట ఇవ్వలేనన్నారు. ముందు మూడు నెలలు స్వరచికిత్స చేయమన్నారు. మొదలుపెట్టాను. రోజూ స్ట్రా నీళ్లలో పెట్టి బుడగలు వచ్చేలా స్వరం పలకాలి. పిల్లలు కూడా సరదాగా నాతోపాటు చేస్తున్నారు.

#35 ల్యాబ్‌కోటు
ఆ బుడగల సాధన మంచిది, స్ట్రాలోంచి వెనక్కి వచ్చే ఒత్తిడి వల్ల తంత్రులు గట్టిగా కొట్టుకోకుండా ఊగుతాయి. మీరు చూసిన ఆ తెల్ల గీత గురించి మా మీటింగులో చెబుతాను. మేం అంకెలతోనే మాట్లాడుకుంటాం, గీత ఎంతుంటుందో ఒక మనిషి నోట వినడం అరుదు.

#36 ఆకుపచ్చ
స్వరమాల గారూ, మూడు నెలలయ్యాక ఇక్కడికే వచ్చి రాయండి. పై షడ్జం అందినా, అందకపోయినా.

#37 స్వరమాల
రాస్తాను. నిన్న మధ్యమం దాకా గాలి లేకుండా వచ్చింది.